మనసులోని నియమాలు

గోలీలాట ఆడకుండా పెరిగిన మగపిల్లవాడు ఒక తరం క్రితం దాకా మన ఊళ్ళలో అరుదు. ఆటకు నియమాలుండేవి, వీధికొక తీరున. గీత దాటిన గోలీ పోయినట్లేనని ఒక వీధివారంటే, మరొకసారి ఆడనివ్వవలెనని పక్కవీధివారు అనేవారు. వాదం ముదిరి చొక్కాలు చిరిగిన రోజులు కూడ కలవు. అయితే ఈ నియమాలు ఎవరు పెట్టినారు, ఎప్పుడు పెట్టినారు, మనం మార్చుకోవచ్చునా అని ఆ పిల్లలను కూర్చోబెట్టి అడిగిన పెద్దవారు మాత్రం లేరు. పిల్లలాటలో అడగదగినదేమున్నదని అనుకొని ఉంటారు.

స్విట్జర్లాండులో ఒకాయన అడిగినాడు. ఆయన పేరు జీన్ పియాజే. 1896లో నూషాటెల్ పట్టణంలో పుట్టి 1980లో జెనీవాలో మరణించినాడు. మొదట ఆయన చదివినది మనస్తత్వశాస్త్రం కాదు. నత్తలను గూర్చి పరిశోధించి 1918లో డాక్టరు పట్టం పొందినాడు. 1921లో జెనీవాలోని రూసో సంస్థలో చేరిన తరువాత నత్తలను వదలి పిల్లలను పట్టుకొన్నాడు. గుల్లలను ఓపికగా త్రిప్పి త్రిప్పి చూచిన ఆ చూపు పిల్లల మాటలను చూచేటప్పుడు కూడ ఆయనను విడువలేదని నాకు తోచుతుంది.

ఆయన పద్ధతి ఇది. గోలీలు చేతికిచ్చి, "నేను చిన్నప్పుడు ఆడేవాణ్ణి, ఇప్పుడు మరచిపోయినాను, నాకు నేర్పు" అన్న ధోరణిలో పిల్లవానితో ఆటకు దిగేవాడు. నడుమ కావలెనని తప్పులు ఆడేవాడు. ఆట ముగిసిన తరువాత అసలు ప్రశ్నలు వచ్చేవి. క్రొత్త నియమం ఒకటి కల్పించగలవా? అట్లా ఆడితే న్యాయమేనా? మీ నాన్న చిన్నప్పుడు కూడ ఇట్లాగే ఆడేవారా? మొట్టమొదట ఈ నియమాలు ఎవరు చేసినారు? ఈ సంభాషణల ఫలితమే 1932లో ఆయన ప్రకటించిన గ్రంథం. పిల్లలు మంచిచెడ్డలను ఎట్లా నిర్ణయిస్తారన్నది దాని విషయం.

అయిదారేళ్ళ పిల్లలు చెప్పిన జవాబులు వింతగా ఉన్నవి. నియమాలను నాన్నే కనిపెట్టినాడని కొందరు, ఊరి పురపాలక పెద్దలు చేసినారని కొందరు, దేవుడే చేసినాడని కొందరు చెప్పినారు. వాటిని మార్చడం తప్పు. లోకంలో అందరూ క్రొత్త పద్ధతిలో ఆడినా సరే, అది తప్పే. పదేళ్ళు దాటిన పిల్లల ధోరణి వేరు. పిల్లలమే చేసుకొన్నాము, అందరూ ఒప్పుకొంటే మార్చుకోవచ్చును, ఒప్పుకోకపోతే పాతదే నడుస్తుంది అన్నారు వారు.

ఇంతవరకు ఆశ్చర్యమేమీ లేదు. వయస్సుతో బుద్ధి పెరిగిందనవచ్చును. అసలు వింత మరొకటున్నది. నియమం దైవదత్తమని నమ్మే ఆ చిన్నపిల్లలు ఆటలో దానిని సరిగా పాటించడమే లేదు. ఎవరి ఆట వారు ఆడుకొని, ఇద్దరూ గెలిచామని చెప్పుకొనేవారు. నియమాన్ని మార్చవచ్చునని చెప్పిన పెద్దపిల్లలే దానిని తు.చ. తప్పకుండ పాటించేవారు. తప్పితే తామే ఒప్పుకొనేవారు. నియమం సడలితే క్రమశిక్షణ పోతుందని మనం, ముఖ్యంగా ఉపాధ్యాయులం, భయపడతాము. పియాజే చూచినది దీనికి తలక్రిందులు.

దీనికి ఆయన చెప్పిన కారణం ఇది. పెద్దల నుండి వచ్చిన నియమానికి పిల్లవాడు తలవంచుతాడే గాని దాని లోపలికి పోలేడు. సమవయస్కులతో ఆడేటప్పుడు, "నీవట్లా ఎందుకు ఆడుతున్నావు?" అని ఒకడు నిలదీస్తాడు, రెండవవాడు కారణం చెప్పవలసివస్తుంది. అట్లా వాదులాటలో నలిగిన నియమమే తనదవుతుంది. పిల్లలు వీధిలో చేసే రగడకు ఇంత ప్రయోజనమున్నదని ఆ రోజుల్లో మనకు తెలియదు. తెలిసి ఉంటే కొన్ని దెబ్బలు తప్పేవి!

పియాజే చెప్పినదంతా నిలిచిందని అనరాదు. ఆడపిల్లలు తమ ఆటల్లో నియమాలను అవలీలగా మార్చుకొంటారని గమనించి కూడ ఆయన దాని మీద ఎక్కువసేపు నిలువలేదు. 1982లో కారొల్ గిలిగాన్ ఈ లోపాన్ని ఎత్తిచూపింది. చిన్నపిల్లలకు అన్ని నియమాలూ ఒక్కటేనన్న మాట కూడ సరికాదని ఎలియట్ ట్యూరియల్, ఆయనతో పనిచేసినవారు 1970వ దశకం నుండి చూపించినారు. మూడు నాలుగేళ్ళ పిల్లవాడు సైతం, టీచరు ఒప్పుకొంటే బడిలో చెప్పులు విప్పకపోయినా ఫరవాలేదంటాడు. టీచరు ఒప్పుకొన్నా పక్కవాణ్ణి కొట్టడం తప్పేనంటాడు. ఇతరులకు హాని చేయరాదన్నది వేరు, అలవాటు వల్ల వచ్చిన కట్టుబాటు వేరు అని ఆ వయస్సుకే కొంత తెలుస్తుందన్నమాట.

ఇక్కడ నాకొక ఆలోచన వస్తుంది. ఆట నియమం నలుగురిలో తిరుగుతుంది గనుక అరుగుతుంది, మెత్తబడుతుంది. కాని చిన్నప్పుడు ఇంట్లో నేర్చి, ఎప్పుడూ వీధిలోకి రాని నియమాలు కొన్ని ఉంటవి. ఎవరి ముందూ ఏడవరాదు. అడిగినవారికి లేదనరాదు. మొదటి మార్కు రాకపోతే ముఖం చూపరాదు. వీటిని ఎవ్వరితోను అనము. కాబట్టి ఎవ్వరూ మనల్ని నిలదీయరు. మనిషికి నలభై ఏళ్ళు వచ్చినా లోపలి నియమానికి అయిదేళ్ళే ఉంటవి.

నా సంగతే చెప్పుతాను. మా నాన్నగారు ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులు. నేనూ ఆయన తరగతిలోనే కూర్చొనేవాణ్ణి. "బోర్డు ముందు నిలబడినవాడు తెలియదు అనకూడదురా" అని ఒకసారి అన్నారు. నాకప్పుడు ఏడెనిమిదేళ్ళు. ఎం.ఎస్సీ. చదివి భౌతికశాస్త్ర అధ్యాపకుణ్ణయిన తరువాత నా మొదటి సంవత్సరంలోనే ఒక ఇంటర్మీడియట్ విద్యార్థి లేచి, "తక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతి ఎక్కువగా పరిక్షేపణ చెందుతుందన్నారు గదా సార్, అయితే ఆకాశం నీలంగా ఎందుకున్నది, ఊదాగా ఉండాలి గదా?" అన్నాడు. ఎంత మంచి ప్రశ్న! సూర్యకాంతిలో ఊదా పాలు నీలం కంటె తక్కువ, మన కంటికి ఊదాను గ్రహించే శక్తి కూడ తక్కువ, కంటికి చేరిన రంగుల మిశ్రమం మనకు నీలంగానే తోచుతుంది అని ఈనాడు చెప్పగలను. ఆనాడు తెలియదు. "సిలబస్సులో లేనివి అడగవద్దు, కూర్చో" అన్నాను. కూర్చొన్నాడు. ఆ సంవత్సరమంతా మళ్ళీ చెయ్యెత్తలేదు.

ఇట్టి లోపలి నియమాలను గూర్చి శాస్త్రజ్ఞులు ఆలోచించడం పియాజే కంటె ముందే ఆరంభమైనది. ఫ్రాయిడ్ 1923లో మనసులోని ఒక భాగానికి అధ్యహం అని పేరు పెట్టినాడు. తల్లిదండ్రుల హెచ్చరిక పిల్లవాని లోపలికి పోయి, అక్కడ స్థిరపడి, వారు లేనప్పుడు కూడ వానిని గద్దిస్తూ ఉంటుందని దీని తాత్పర్యం. తరువాత పది సంవత్సరాలకు ఆయన మరొక మాట అన్నాడు. పిల్లవాని అధ్యహానికి మూస తల్లిదండ్రులు కారట, తల్లిదండ్రుల అధ్యహమట. అనగా తాత నియమమే తండ్రి ద్వారా మనవడికి దిగుతుంది. ఫ్రాయిడ్ చెప్పినవాటిలో చాలావాటికి నేడు పరిశోధనల మద్దతు లేదు. ఈ మాటను మాత్రం నేను అంత తేలికగా త్రోసివేయలేను.

దీనిని మెత్తబరచడం ఎట్లా? 1934లో జేమ్స్ స్ట్రాచీ అనే ఆంగ్ల మనోవిశ్లేషకుడు ఒక వ్యాసంలో జవాబు చెప్పినాడు. రోగి చెప్పరాని మాటను చెప్పివేసి, చికిత్సకుడు ఇప్పుడు తనను గద్దిస్తాడని ఎదురుచూస్తాడు. చికిత్సకుడు గద్దించడు. తాను ఊహించినదానికి, జరిగినదానికి మధ్య తేడాను రోగి ఆ క్షణంలో చూస్తాడు. అట్టి క్షణాలు కొద్దికొద్దిగా, చాలాసార్లు వచ్చినప్పుడు లోపలి కాఠిన్యం తగ్గుతుందని ఆయన వాదం. ఈ "ఊహించినదానికి, జరిగినదానికి తేడా" అన్నమాటను గుర్తుంచుకోవలెను. వేరే దారిలో నడచిన మరికొందరు కూడ చివరకు ఇక్కడికే వచ్చినారు.

కారెన్ హార్నీ పేరు మన పాఠకులకు అంతగా తెలియదు. 1885లో జర్మనీలో హాంబర్గు సమీపాన పుట్టింది. తండ్రి ఓడ కప్తాను, మతనిష్ఠ కలవాడు, కఠినుడు. ఆడపిల్లలకు వైద్యవిద్య అప్పుడప్పుడే దొరుకుతున్న రోజుల్లో వైద్యురాలై, 1932లో అమెరికా చేరింది. ఫ్రాయిడ్ సిద్ధాంతాలను ప్రశ్నించినందుకు న్యూయార్కు మనోవిశ్లేషణ సంస్థవారు 1941లో ఆమెను శిక్షణ ఇచ్చే పదవి నుండి తప్పించినారు. నియమాల కాఠిన్యం నియమాల కాఠిన్యాన్ని పరిశోధించేవారిలో కూడ ఉండవచ్చునన్నమాట! 1950లో వచ్చిన ఆమె చివరి గ్రంథంలో "తప్పదు, చేయవలె, ఉండవలె" అనే లోపలి ఆజ్ఞల నిరంకుశత్వాన్ని గూర్చి ఒక అధ్యాయమున్నది. ఆదర్శానికీ, ఈ ఆజ్ఞకూ భేదం ఆమె బాగా పట్టుకొన్నది. ఆదర్శం మనిషి శక్తిని, పరిస్థితిని చూస్తుంది. ఆజ్ఞ చూడదు. జ్వరంతో ఉన్నవాణ్ణి కూడ లేచి పరుగెత్తమంటుంది.

ఇంతవరకు చెప్పినదంతా చికిత్సాగదుల నుండి వచ్చిన సాక్ష్యం. ఒక్కొక్క రోగి కథ. నియమం మనిషి కళ్ళను ఎట్లా మూస్తుందో అంకెలతో చూపిన ప్రయోగం అమెరికాలో ఏబ్రహాం లూచిన్స్ చేసినాడు. 1942లో ప్రకటించినాడు. మన ఉపాధ్యాయులు రేపే తమ తరగతిలో చేసి చూడవచ్చును గనుక వివరంగా చెప్పుతాను.

మూడు పాత్రలున్నవి. వాటిలో పట్టే నీళ్ళు 21, 127, 3 లీటర్లనుకోండి. సరిగా 100 లీటర్లు కొలిచి ఇవ్వవలెను. 127 నుండి 21 తీసి, ఆపైన 3ను రెండుసార్లు తీస్తే 100 వస్తుంది. తరువాత 14, 163, 25 పాత్రలతో 99 కావలెను. ఇక్కడ కూడ అదే ఉపాయం. తరువాత 18, 43, 10 పాత్రలతో 5. 9, 42, 6 పాత్రలతో 21. 20, 59, 4 పాత్రలతో 31. అన్నిటికీ ఉపాయం ఒక్కటే: నడిమి పాత్ర నుండి మొదటిదానిని ఒకసారి, మూడవదానిని రెండుసార్లు తీసివేయడం. ఇప్పుడు 23, 49, 3 ఇచ్చి 20 కొలవమనండి. విద్యార్థులు వెంటనే 49 నుండి 23, మళ్ళీ 3, మళ్ళీ 3 తీస్తారు. 20 వస్తుంది. కాని 23 నుండి 3 తీస్తే చాలును గదా! అయిదు లెక్కలు చేయనివానికి ఇది చటుక్కున కనబడుతుంది. చేసినవానికి కనబడదు. ఇక 28, 76, 3 పాత్రలతో 25 కొలవమంటే పాత ఉపాయం పనిచేయదు. 28 నుండి 3 తీయవలెను, అంతే. అక్కడ పాత ఉపాయానికి అలవాటుపడిన చాలామంది తెల్లబోయినారు. కొందరు ఈ లెక్కకు జవాబు లేదన్నారు.

త్వరగా చేయండని తొందరపెట్టినప్పుడు ఈ గుడ్డితనం హెచ్చింది. కళ్ళు తెరచి చూడుమని హెచ్చరించే మాటను కాగితం మీద వ్రాసుకొమ్మన్నప్పుడు కొందరిలో తగ్గింది, అందరిలో కాదు. తొందర, పరీక్ష, పరువు ఉన్నచోట మనిషి పాత నియమాన్నే గట్టిగా పట్టుకొంటాడన్నమాట. మన పరీక్షా మందిరాలను తలచుకొంటే ఇందులో వింతేమీ కనబడదు. అయిదు లెక్కల్లో నేర్చినదే ఇంతగా కళ్ళు కప్పితే, అయిదేళ్ళ వయస్సు నుండి పనిచేసిన నియమం సంగతి చెప్పనక్కరలేదు.

నియమం మాటగా విని నేర్చితే ఒక విధం, చేసి నేర్చితే ఇంకొక విధం అని చూపిన ప్రయోగాలు కూడ తరువాత వచ్చినవి. ఈ భేదాన్ని స్కిన్నర్ 1966లో వివరించినాడు. 1981లో షిమాఫ్, కటానియా, మాథ్యూస్ అనే ముగ్గురు కళాశాల విద్యార్థులతో దీనిని పరీక్షించినారు. మీట నొక్కితే మార్కులు వస్తవి. మొదట నెమ్మదిగా నొక్కితేనే లాభం. కొందరికి ఆ సంగతి ముందే చెప్పినారు. కొందరిని చెప్పకుండ, చేసి తెలుసుకోనిచ్చినారు. తరువాత రహస్యంగా పద్ధతి మార్చి, త్వరగా నొక్కితే లాభం వచ్చేట్లు చేసినారు. చేసి నేర్చినవారి వేగం మారింది. చెప్పించుకొన్నవారు పాత వేగంతోనే నొక్కుతూ కూర్చొన్నారు. లోకం మారిన వార్త వారి వ్రేళ్ళకు చేరలేదు.

అయితే ఆ వార్తను చేర్చడమెట్లా? తర్కంతో వాదించి చేర్చవచ్చునని మొదట నమ్మినవాడు ఆల్బర్ట్ ఎల్లిస్. 1913లో పుట్టి 2007 దాకా జీవించిన ఈ అమెరికను 1955లో తన చికిత్సాపద్ధతిని ప్రారంభించినాడు. గ్రీకు, రోమను వేదాంతులను చదివినవాడు. హార్నీని కూడ చదివినాడు. "తప్పక కావలె" అన్నదానిని "అయితే బాగుండును" అని మార్చుకొమ్మని రోగులతో గట్టిగా వాదించేవాడు. చిత్రమేమంటే ఆయన సొంత భయం వాదంతో పోలేదు. పందొమ్మిదవ యేట ఆడవారితో మాట్లాడడమంటే ఆయనకు వణుకు. న్యూయార్కులోని ఒక ఉద్యానవనంలో బల్ల మీద ఒంటరిగా కూర్చొన్న స్త్రీలను ఒక నెలలో నూరుమందిని పలుకరించినాడట. ఒక్కరే మళ్ళీ కలుస్తానన్నది, ఆమె కూడ రాలేదు. ఆయనే చెప్పుకొన్న కథ ఇది. నూరుసార్లు ఓడినా ఆకాశం విరిగిపడలేదు. భయం మాత్రం పోయింది. తరువాత తన రోగులను కూడ, అరటిపండుకు త్రాడు కట్టి కుక్కను నడిపినట్లు వీధిలో నడిపించి రమ్మనేవాడు.

ఆరన్ బెక్ నెమ్మది మనిషి. 1921లో అమెరికాలోని ప్రావిడెన్స్ పట్టణంలో పుట్టినాడు. చిన్నతనంలో చెయ్యి విరిగి, పుండు విషమించి దాదాపు ప్రాణం మీదికి వచ్చింది. ఆ తరువాత చాలాకాలం రక్తమంటే భయం. అయినా వైద్యుడయినాడు. ఫ్రాయిడ్ సిద్ధాంతాన్ని రుజువు చేయడానికే ఆయన పరిశోధనకు దిగినాడు. తీవ్రమైన కుంగుబాటు తనమీదికే త్రిప్పుకొన్న కోపమని ఆ సిద్ధాంతం. రోగుల కలలను పరిశీలిస్తే కోపం కనబడలేదు. ఓటమి, లోటు కనబడినవి. సిద్ధాంతాన్ని వదలి రోగుల మాటలను పట్టుకొన్నాడు. పైపైన వచ్చే ఆలోచనల క్రింద, చిన్ననాడు ఏర్పడిన నియమాలు కొన్ని "ఇట్లయితే అట్లా" అన్న రూపంలో ఉంటవని గమనించినాడు. తప్పు చేస్తే పనికిరానివాణ్ణి. ఒకరికి నచ్చకపోతే నేను లేనట్లే. ఇట్టి నమ్మకాలను కొలిచే ప్రశ్నావళిని 1978లో ఆర్లీన్ వైస్‌మన్, బెక్ కలిసి ప్రకటించినారు.

బెక్ చేసిన పెద్దపని ఏదని నన్నడిగితే, ఆ నియమాన్ని ప్రాకల్పనగా మార్చడమంటాను. రోగితో, "నీ నియమం తప్పు" అని ఆయన అనడు. "నిజమే కావచ్చును, చూద్దాము" అంటాడు. నియమాన్ని తప్పితే ఏమవుతుందని నీవనుకొంటున్నావో ముందుగా కాగితం మీద వ్రాయి. నూటికి ఎంతపాలు అట్లా జరుగుతుందో కూడ వ్రాయి. తరువాత చిన్న ఎత్తున తప్పి చూడు. జరిగినదానిని పక్కన వ్రాయి. మనం ప్రయోగశాలలో పిల్లలకు నేర్పే క్రమం ఇదే గదా! స్ట్రాచీ గదిలో అనుకోకుండ జరిగినది ఇక్కడ కావలెనని జరుగుతున్నది.

ఫలితాలను కూడ అట్లాగే పరీక్షించినారు. 1977లో రష్, బెక్, వారి సహచరులు కుంగుబాటు గల 41 మంది రోగులను తీసుకొని, కొందరికి ఇమిప్రమిన్ అనే మందు, కొందరికి ఈ చికిత్స ఇచ్చి పోల్చినారు. చికిత్స మందు కంటె తక్కువ కాదని, ఎక్కువేనని తేలింది. తరువాతి పరిశోధనల్లో అంత తేడా కనబడలేదు. మందు, చికిత్స దాదాపు సమానంగా నిలిచినవి. 1996లో నీల్ జేకబ్సన్ బృందం ఇంకొక చురక వేసింది. నమ్మకాలను చర్చించే భాగాన్ని తీసివేసి, రోగులను పనుల్లోకి దించే భాగాన్ని మాత్రం ఉంచినా ఫలితం తగ్గలేదు. మాట కంటె చేత మేలు చేసిందేమో! తీవ్రమైన కుంగుబాటుతో బాధపడేవారు ఇవన్నీ సొంతంగా చేసుకోవలెనని మాత్రం దీని అర్థం కాదు. వారికి వైద్యుడే కావలెను.

సడలిన నియమం చెరిగిపోతుందా? పోదు. జంతువుల మీద పావ్లోవ్ కాలం నుండి, ఇటీవల మార్క్ బూటన్ దాకా జరిగిన పరిశోధనలు చెప్పేదేమంటే, పాత పాఠం తుడిచిపెట్టుకొని పోదు, క్రొత్త పాఠం దాని పక్కన చేరుతుంది. ఒకచోట నేర్చినది వేరొకచోట పనిచేయకపోవచ్చును. అప్పుడు పాతదే తల ఎత్తుతుంది. కాబట్టి ఒక గదిలో ఒకసారి ధైర్యం చేసి ఊరుకొంటే చాలదు, చాలాచోట్ల చేయవలెను.

ఇది కొద్దిమంది రోగుల గొడవ అనుకోరాదు. టామస్ కరన్, ఆండ్రూ హిల్ 2019లో ప్రకటించిన వ్యాసంలో 1989 నుండి 2016 వరకు అమెరికా, కెనడా, బ్రిటను దేశాల కళాశాల విద్యార్థులు 41,641 మంది జవాబులను పోల్చినారు. ఏ లోపమూ లేకుండ ఉండవలెనన్న పట్టుదల తరం తరానికి పెరిగింది. అందులో కూడ, "ఇతరులు నా నుండి లోపం లేనితనాన్ని కోరుతున్నారు" అన్న భావం అన్నిటికంటె ఎక్కువగా పెరిగింది. ఆ లెక్కలో మన దేశపు పిల్లలు లేరు. మన ఇళ్ళలో పరీక్షాఫలితాల రోజున నిలబడి చూచినవారికి ఆ లెక్క అవసరమని నేననుకోను.

అట్లాగని ప్రతి నియమాన్నీ పరీక్షకు పెట్టమనడం తెలివితక్కువ. ఆమ్లాన్ని నీటిలో పోయవలె, నీటిని ఆమ్లంలో పోయరాదు అని మనం చెప్పుతాము. ఇది బిగువుగా ఉండవలసిన నియమమే. ఎవరూ తప్పి చూడనక్కరలేదు. దానికి కారణం కూడ ఉన్నది. నీళ్ళు పోయగానే పుట్టే వేడికి ఆమ్లం చిమ్మి మీద పడుతుంది. కారణం అడిగితే చెప్పగలిగిన నియమం వేరు, అడగడమే తప్పనిపించే నియమం వేరు.

నా నియమం రెండవజాతిది. బెక్ పుస్తకం చదివిన తరువాత ఒక సాయంకాలం కాగితం తీసి వ్రాసినాను. తరగతిలో తెలియదంటే పిల్లలు నవ్వుతారు, నూటికి 80 పాళ్ళు. తరగతి అదుపు తప్పుతుంది, 60. ఆ తరువాత నన్నెవరూ ప్రశ్నలడగరు, 50. పదిరోజులు వేచినాను. మా కోస్తాలో మంచుగడ్డ మీద అడుగు పెట్టిన పిల్లవాడు ఒక్కడూ ఉండడు, అయినా ఒక అమ్మాయి లేచి, "మంచు మీద జారడానికి కారణం ఒత్తిడికి కరగడమని పుస్తకంలో ఉన్నది సార్, మనిషి బరువు దానికి చాలునా?" అన్నది.

నోరు ఎండింది. "నాకు తెలియదు. లెక్క వేసి చూద్దాము" అన్నాను. మంచు కరిగే ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గవలెనంటే సుమారు 130 వాతావరణాల పీడనం కావలెను. ఇది నాకు తెలుసు. 60 కిలోల మనిషి, 200 చదరపు సెంటీమీటర్ల చెప్పు. పిల్లలే గుణించినారు. వాతావరణ పీడనంలో మూడవ వంతు కూడ రాలేదు. అంటే డిగ్రీలో వెయ్యింట రెండు పాళ్ళు. ఎవ్వరూ నవ్వలేదు. గోల మాత్రం జరిగింది, అయితే ఆ గోల లెక్కను గూర్చి. మరునాడు ఒకడు, మంచు ఉపరితలం మీద ద్రవంవంటి పలుచని పొర ఉండవచ్చునని ఫారడే 1850లోనే ఊహించినాడని చదివి వచ్చి చెప్పినాడు. కాగితం మీద నా మూడు అంకెల పక్కన మూడు సున్నలు వేసినాను. రెండవదాని పక్కన వేసేటప్పుడు కొంచెం సందేహించినమాట నిజం.

మొదటి సంవత్సరం ఊదారంగును గూర్చి అడిగిన అబ్బాయి అప్పటికి కళాశాల వదలి చాలాకాలమైనది. అతనికి జవాబు చెప్పే అవకాశం నాకు రాలేదు.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఇదంతా నాన్నగారితో చెప్పినాను, ఆయనేమంటారోనన్న బెదురుతోనే. కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు తెలియదన్న మేష్టారికి మా రోజుల్లో ఇంక్రిమెంటు ఆగిపోయేదిరా. పెద్ద పంతులుగారు మాకు మొదటిరోజే చెప్పినమాట అది. మీకు ఇన్‌స్పెక్టర్లు అట్లా వస్తారా?" అన్నారు. రారన్నాను.

భోజనాల తరువాత మళ్ళీ పిలిచి, "చెప్పు సంగతి సరే. మంచు మీద జారేవాళ్ళు అంచు సన్నగా ఉన్న బూట్లు వేసుకొంటారు గదా. అప్పుడు ఒత్తిడి చాలదూ?" అన్నారు. వార్తాపత్రిక అంచు మీద ఇద్దరం లెక్క వేసినాము. మంచును తాకే అంచు మూడు చదరపు సెంటీమీటర్లనుకొంటే 20 వాతావరణాలు వచ్చింది. డిగ్రీలో ఏడవ వంతు. "చాలదు" అన్నారు నాన్నగారు, కళ్ళజోడు తీస్తూ.